మూటలక్క ఉతికిన గుడ్డ

ఇల్లు లేని మనిషికి ముందుగా ఏం కావాలని ఇల్లున్నవాళ్ళని అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. తిండి అంటారొకరు. పని అంటారొకరు. ఆ రెండూ కాదు, ముందు బుద్ధి రావాలంటారు, కడుపు నిండా తిని పడక్కుర్చీలో వాలినవారు. మూటలక్కని అడిగితే మాత్రం "మూట పెట్టుకోవడానికి చోటండీ" అంటుంది. అడిగినవారు అర్థం కానట్టు చూస్తే, "ఒక్క రోజు మీ ఇంట్లో సామానంతా దుప్పట్లో కట్టి భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికీ, పనికీ, పాయిఖానాకీ తిరిగి చూడండి. సాయంత్రానికి మీక్కూడా ఒక గుక్క పడితే బాగుండుననిపిస్తుంది" అని కలుపుతుంది.

ఆమె అసలు పేరు అత్తగారికీ, జీతాలిచ్చే గుమాస్తాకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. వయసంతా పాత బస్టాండు సామాన్ల గదిలోనే గడిచింది. బస్టాండు ఊరి బయటికి తరలిపోయినప్పుడు బస్సులు వెళ్ళాయి, డ్రైవర్లు వెళ్ళారు, టీకొట్టు కూడా వెళ్ళింది. ఆ గదిలోని ఇనప అరలూ, పొడవాటి చెక్కబల్లా, ఆ బల్ల వెనక ఆవిడా మిగిలిపోయారు. ఖాళీ కట్టడాన్ని మునిసిపాలిటీ తీసుకుని, పై అంతస్తుల్లో వీధుల్లో పడుకునేవాళ్ళకి గదులు కట్టింది. కింద ఒక పక్క తాగుడుకీ, అంతకు మించినవాటికీ అలవాటుపడ్డవాళ్ళకి రోజూ మాన్పించే మందులిచ్చే కిటికీ పెట్టింది. రెండో పక్క సామాన్ల గది ఎలాగూ ఉంది, మనిషీ ఉంది. అలా ప్రయాణికుల పెట్టెలు పుచ్చుకున్న చేతులే దారిలో ఉండేవాళ్ళ మూటలు పుచ్చుకోవడం మొదలుపెట్టాయి.

మొదట్లో ఆ పై గదులకి ఒక షరతు ఉండేది. తాగుడు మానిన వాళ్ళకే గది. వినడానికి ఎంతో పద్ధతిగా ఉంది. ఈత వచ్చాకే నీళ్ళలో దిగమన్నంత పద్ధతి. దాంతో గదులు ఖాళీగానూ, వీధులు నిండుగానూ ఉండి, కాపలావాడు ఒక్కడే ఆ మేడలో హాయిగా నిద్రపోయేవాడు. కొన్నాళ్ళకి మునిసిపాలిటీ పద్ధతి తిరగేసింది. ముందు గది, మానడం సంగతి తర్వాత. దయ పుట్టి కాదు, విసుగు పుట్టి. ఊళ్ళు బాగుపడ్డ చోటల్లా దయ కన్నా విసుగే ఎక్కువ పని చేసిందేమో, ఎవరైనా పరిశోధన చెయ్యాలి.

మూటల గదిలో చీటీలుండవు, బిళ్ళలుండవు. ఇస్తే పోగొట్టుకుంటారు, తడిసిపోతాయి, గొడవలు. మూటలక్క ముడిని చూసి మనిషిని చెబుతుంది. గొడుగు పిన్నిది ముడి మీద ముడి, ఆ పైన ఇంకో ముడి, మధ్యలో విరిగిన గొడుగు. పాత హమాలీది ఒక్క లాగుడికి విడిపోయే జారుముడి. ఇద్దరు అన్నదమ్ములు ఒకే గోనెసంచికి చెరో కొస కట్టి, ఒకడు లేకుండా ఇంకొకడు విప్పకుండా చూసుకునేవాళ్ళు. మనిషి తన మూట తనే అరలో పెట్టాలి, తనే తీసుకోవాలి. ముడి ఇంకెవరూ విప్పకూడదు. ఇదే ఆ గదికి రాజ్యాంగం. రాసిందీ, కాపాడిందీ, చివరికి అతిక్రమించిందీ మూటలక్కే.

కింది అరలో కిటికీ వైపు చోటు పాలిష్‌ది. అతనికి అదే పేరు. చెక్కసామానుకి లక్క పాలిష్ పట్టడం అతని పని. ఫ్యాక్టరీలో పిచికారీ కొట్టిన బీరువాలు బజారు నిండా దిగాక చేత్తో పాలిష్ పట్టించుకునేవాళ్ళు కరువయ్యారు. తాగుడెలా అంటుకుందని అడిగితే దాచేవాడు కాదు. "లక్క కరగాలంటే స్పిరిట్ కావాలి. పగలంతా వాసన చూసినవాడికి సాయంత్రం రుచి చూడాలనిపించదా అక్కా?" అనేవాడు. ఆమె తనకన్నా చిన్నదే అయినా అందరిలాగే అక్కా అని పిలిచేవాడు. ఆమె అన్నయ్యా అనేది. లెక్క ఎలా కుదిరిందో ఇద్దరూ పట్టించుకోలేదు.

అతను నిరాశ్రయుల వసతిగృహం మొహం చూడక ఏళ్ళయింది. వెనకటి వసతిగృహంలో గేటు దగ్గరే మూట విప్పించి, "ఇదేంటి, ఇదెందుకు" అని సగం పెంటకుప్పలో పడేసేవాళ్ళట. మూటల గది తెరిచాక కూడా బయటి అరుగు మీద కూర్చుని చాలా రోజులు ఊరికే చూశాడు. తర్వాత ఒక పొద్దున్నే గళ్ళ దుప్పటి మూట తెచ్చి కింది అరలో పెట్టి, ముడి మీద రెండుసార్లు తట్టి వెళ్ళాడు. ఆ రోజునుంచీ మూట ఇక్కడ పెట్టడం, కిటికీ దగ్గర మందు వేసుకోవడం, దొరికితే పనికి పోవడం. మూట కోసం వచ్చేవాడు గనక మందు తప్పేది కాదు. వైద్యశాస్త్రం దీనికేం పేరు పెట్టిందో గానీ మూటలక్క మాత్రం దీన్ని తన ప్రతాపం కింద జమ వేసుకుంది.

అలాంటిది, ఒకరోజు గదులు కేటాయించే పై అంతస్తు మేడమ్ కిందికి దిగి వచ్చి, "మీ పాలిష్‌కి గదొచ్చింది. శనివారం ఆఫీసు మూసేలోపు తనే వచ్చి తాళంచెవి తీసుకోవాలి" అంది. మేడమ్ చిన్నది, చురుకైనది, మెట్లు రెండేసి ఎక్కేది. పాలిష్‌కి చెబితే గోడకేసి చూస్తూ "చూద్దాం" అన్నాడు. అతని నోట ఆ మాట రావడమంటే ఇంకొకరు డప్పు కొట్టించినట్టు.

మూటలక్క కాళ్ళు నేల మీద ఆగలేదు. మర్నాడు అతను మూట పెట్టి వెళ్ళాక చూస్తే, రాత్రి వానకి తడిసి ముద్దయి ఉంది. వాసన మూడు అరల దాకా పాకుతోంది. కొత్త గదిలోకి ఈ కంపుతోనా అనుకుంది. తనవాళ్ళలో ఎవరికో గృహప్రవేశమైనంత హడావిడి పడింది. సంతోషంలో మనిషి చేసే తప్పులు కోపంలో చేసేవాటికన్నా మోసకారివి. అడ్డుపడేవాళ్ళుండరు.

ఆమె ముడి విప్పింది.

మధ్యాహ్నానికల్లా బట్టలు ఉతికి, ఆరేసి, మడతపెట్టింది. అడుగున గట్టిగా మూత బిగించిన రేకు డబ్బా ఒకటి దొరికింది. లోపల గోధుమరంగులో జిగటగా ఒక గుడ్డ ఉండ. దాన్ని విప్పి, లోపలి దూది చెత్తలో పడేసి, గుడ్డని బట్టల సోడా వేసి మరగబెట్టింది. డబ్బాని కూడా తోమి బోర్లించింది. సాయంత్రం పాలిష్ వచ్చేసరికి మూట బల్ల మీద పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది.

పాలిష్ ముందు దాన్ని గుర్తుపట్టలేదు. గళ్ళు చూసి గుర్తుపట్టాడు. విప్పి, డబ్బా తీసి, మూత తెరిచి చూశాడు.

"గుడ్డేది?"

"ఇదిగో అన్నయ్యా, ఈ తెల్లది! ఎంత మురికో తెలుసా? ఎన్ని నీళ్ళు మార్చానో. ఒక పట్టాన వదల్లేదనుకో!"

పాలిష్ పట్టేవాడి గుడ్డ అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. లోపల దూది, పైన మెత్తటి నూలుగుడ్డ. ఏళ్ళ తరబడి లక్క తాగి తాగి అది అరచేతి ఆకారానికి వస్తుంది. ఎండితే రాయైపోతుంది గనక డబ్బాలో మూతవేసి దాస్తారు. కొత్త గుడ్డతో పట్టిన చెక్క మీద చారలు పడతాయి. పాత గుడ్డ చెక్క మీద వెన్నలా జారుతుంది. పనిముట్లు అమ్ముకుని తాగినవాడు కూడా గుడ్డ అమ్ముకోడు. అమ్మినా ఎవరూ కొనరు, ఎవరి చేతికి తగ్గ గుడ్డ వాళ్ళది.

అతను ఆ తెల్లటి గుడ్డని వేళ్ళ మధ్య రుద్ది చూసి, మూటలో పెట్టి, తన ముడి తను వేసుకున్నాడు.

"నువ్వూ గేటు దగ్గర మనిషివేనన్నమాట" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వార్తాపత్రిక కొననివాళ్ళకే వార్తలు ముందు అందుతాయి. హమాలీ వచ్చి తన మూట తీసుకుని, "ఏం లేదక్కా, ఊరికే" అన్నాడు. అన్నదమ్ములు గోనెసంచి చెరో పక్కా పట్టుకుని మొహం చాటేస్తూ పోయారు. గొడుగు పిన్ని మాత్రం మొహం మీదే అడిగేసింది. "నా గొడుగు కూడా బాగుచేస్తావేమోనని భయంగా ఉందే తల్లీ."

అరలు బోసిపోయాయి. మూటలక్క పై అంతస్తుకి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. "ఇంకొన్నాళ్ళు గది ఆపండమ్మా. తప్పు నాది, అతనిది కాదు."

మేడమ్ కలం మూత బిగించింది. "శనివారం దాకా ఆపుతాను. ఆ తర్వాత వరుసలో ఉన్నది గొడుగు పిన్ని. ఆవిడ వానలో పడుకుంటోంది. నీ తప్పు కోసం ఆవిడ ఇంకా తడవాలని ఎలా చెప్పను?"

మూటలక్క కొంగు దోపుకుని మెట్లు దిగింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింటి గడప మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పళ్ళు ఊడినా నోరు ఊడని మనిషి. కోడలి మొహం చూసి, "ఏం, ఎవరి మూటైనా తెరిస్తే పాము వచ్చిందా?" అంది.

"నేనే పామునయ్యాను అత్తయ్యా." జరిగింది చెప్పింది. "కంపు కొడుతోందని, మంచికేగా చేశాను?"

"నా మంచం కింద రేకుపెట్టె కూడా కంపే. తెరువు చూద్దాం."

మూటలక్క నవ్వాపుకుంది. "అమ్మో."

"కాపురానికొచ్చిన కొత్తలో సర్దుతానని తెరిచావు. ఏం జరిగింది?"

"నెలంతా మీరు నాతో మాట్లాడలేదు. 'ఉప్పు చాలలేదని చెప్పరా దానికి' అని మీ అబ్బాయి చేత కబుర్లు పంపేవారు. పక్కనే కూర్చుని!"

"వెధవ, తపాలా బంట్రోతు పని బాగా చేశాడు. మళ్ళీ ఎలా కలిశాం?"

"మీరు నా బీరువా అంతా తీసి మంచం మీద పోశారు. ఒక్కోటీ ఎత్తి చూసి, ఇదేం రంగు, ఇదేం చీర, ఈ చిరుగేంటి అని చీల్చి చెండాడారు."

"కడుపు చల్లబడింది. ఆ సాయంత్రమే కూర బాగుందన్నాను." అత్తగారు ఖాళీ తొక్క ఒకటి కోడలి మీదికి విసిరింది. "క్షమించు క్షమించు అని ఊళ్ళో అందరూ అంటారమ్మాయ్, పైసా ఖర్చులేని మాట. చూసినదానికి చూపించాలి. పో, కాళ్ళు కడుక్కో."

శుక్రవారం మధ్యాహ్నం మూటలక్క అతన్ని వెతుక్కుంటూ బయల్దేరింది. దూరం పోలేదు. కుర్చీలూ బల్లలూ అమ్మే వీధిలో, మూసి ఉన్న ఒక కొట్టు మెట్ల మీద మూటకి ఆనుకుని కూర్చున్నాడు. కిటికీ మందు తప్పిన చేతులు వణుకుతున్నాయి. వణుకు ఆపడానికి పోసుకున్నది కళ్ళలో కనిపిస్తోంది.

"ఏం, ఇంకేమైనా ఉతకాలా?" అన్నాడు.

ఆమె అతని పక్కన మెట్టు మీద చతికిలబడి, తన చేతిసంచి తీసి అతని ఒళ్ళో పడేసింది. "విప్పు."

"నాకెందుకు?"

"నీ మూట నేను చూశాను. నా సంచి నువ్వు చూడు. మా అత్తగారి తీర్పు."

"ఆడవాళ్ళ సంచీ నేను తెరవను."

"మగవాళ్ళ మూట నేను తెరిచానుగా. తెరువు!"

ఎదురు కొట్టువాడు చోద్యం చూడ్డానికి గుమ్మంలోకి వచ్చాడు. పాలిష్ రెండు వేళ్ళతో, ఎలుకబోను తెరిచినట్టు, సంచి తెరిచాడు. ముందు పళ్ళు రాలిన దువ్వెన వచ్చింది. తర్వాత జత లేని చెవిరింగు. సామాన్ల గదినాటి ఇత్తడి బిళ్ళ. ఉండలు కట్టిన బస్సు టిక్కెట్లు గుప్పెడు.

"ఇవన్నీ ఎందుకే?"

"ఉండనీ."

"ఇదేంటి, కర్రముక్క?"

"మా అత్తయ్య కళ్ళజోడు కాడ."

"కళ్ళజోడేది?"

"విరిగి చాలా కాలమైంది."

"మరి కాడెందుకు?"

"ఉండనీ అన్నానా?"

పాలిష్ చెయ్యి ఇంకా లోపలికి పోయింది. మొహం చిట్లించి వెనక్కి లాగాడు. వేలికి నల్లగా ఏదో అంటుకుంది. "ఛీ! అరటిపండు తొక్క! ఎప్పటిదిది? నా మూటకి ముక్కు మూసుకున్నది ఈవిడేనండీ!" అని ఎదురు కొట్టువాడికి చూపించాడు. అతను పగలబడి నవ్వాడు. మూటలక్క చెవులు ఎర్రబడ్డాయి. అయినా సంచి లాక్కోలేదు.

అడుగున కాగితంలోనే కరిగి, కాగితంతోనే అతుక్కుపోయిన చాక్లెట్ ఒకటి దొరికింది. "ఇది తినడానికి రాదు, ఇవ్వడానికి రాదు" అంటూ అతను దాన్ని కాలవలోకి విసరడానికి చెయ్యెత్తాడు.

"ఏయ్!" మూటలక్క రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది. "పారేశావంటే చూడు! మా అబ్బాయి ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చింది!"

వీధి వీధంతా తిరిగి చూసింది. ఆమె చేతుల్లో అతని చెయ్యి, అతని చేతిలో చాక్లెట్.

"అదీ" అన్నాడు పాలిష్ నెమ్మదిగా. "అదే."

చాక్లెట్‌ని సంచిలో యథాస్థానంలో పెట్టి, కాడని పెట్టి, టిక్కెట్లు పెట్టి, తొక్క ఒక్కటీ చేతిలో పట్టుకుని "ఇదైనా పారెయ్యనిస్తావా?" అని అడిగాడు. ఆమె తలూపాక పారేశాడు. అడిగి పారేశాడన్న సంగతి ఆమె గమనించింది. గమనించాలనే అతను అడిగాడు.

"గుడ్డ నేను తెచ్చివ్వలేను అన్నయ్యా" అంది. "ఏడ్చినా రాదు. అందుకే ఏడవట్లేదు."

"కొత్తది మాట వినడానికి ఏళ్ళు పడుతుంది."

"పట్టనీ. గదిలో కూర్చుని నేర్పుకో. తలుపేసుకుంటే ఎవరూ విప్పరు. నేనసలు రాను."

అతను మూటలోంచి ఆ తెల్ల గుడ్డ తీశాడు. వెలుతురుకి పట్టి చూశాడు. పోగులు లేవడం లేదు, గంజి లేదు, పిండిలా మెత్తగా ఉంది. "ఉతికితే ఉతికావు గానీ, బాగానే ఉతికావు" అన్నాడు, ఒప్పుకోవడం ఇష్టంలేనట్టు. "పైగుడ్డకి ఇంతకన్నా మంచిది దొరకదు. దూది చూసుకోవాలి."

శనివారం మధ్యాహ్నం దాటినా అతను రాలేదు. గొడుగు పిన్ని మూట ఒళ్ళో పెట్టుకుని పై అంతస్తు బెంచీ మీద కూర్చుంది. రాకూడదని కోరుకోవడానికి సిగ్గుపడుతూ, రావాలని కోరుకోవడానికి మనసు రాక, గొడుగు ఊచలు లెక్కపెడుతోంది. మూటలక్క ఆవిడ కళ్ళలోకి చూడలేక కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. మేడమ్ బల్ల సొరుగు మూయబోతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కాపలావాడు పాలిష్ భుజం పట్టుకుని తీసుకొచ్చాడు.

"తాగొచ్చాడు మేడమ్! వాసన చూడండి."

"నా ముక్కు బాగానే ఉంది" అంది మేడమ్. "తాళంచెవి పట్టుకోగలడా?"

"పట్టుకోగలడనుకోండి, కానీ..."

"అయితే వదులు." తాళంచెవి పాలిష్ అరచేతిలో పెట్టింది. తర్వాత బెంచీ వైపు తిరిగి, "పిన్నీ, కింది వరుసలో చివరి గదికి తలుపు బిగిస్తున్నారు. ఈ లోపు రాత్రుళ్ళు మూటల గది బల్ల మీద పడుకో. అక్కకి అభ్యంతరం లేకపోతే" అంది.

"నా గొడుగు ముట్టుకోకపోతే నాకూ లేదు" అంది గొడుగు పిన్ని.

ఇక్కడితో అందరూ బాగుపడ్డారని రాస్తే చదివేవాళ్ళకి బాగుంటుంది. జరిగింది ఇంకాస్త మెల్లగా జరిగింది. గది వచ్చాక కూడా పాలిష్ పొద్దున్నే మూట భుజాన వేసుకుని మెట్లు దిగి, కింది అరలో పెట్టి, ముడి మీద రెండుసార్లు తట్టి, మందు వేసుకునేవాడు. సాయంత్రం మళ్ళీ పైకి మోసుకెళ్ళేవాడు. పైన తాళం ఉంది కదా అని మూటలక్క అనలేదు. నాలిక చివరిదాకా వచ్చిన మాటని ఆమె మింగడం అత్తగారు వింటే నమ్మదు. అతన్ని చూసి హమాలీ తిరిగొచ్చాడు. అన్నదమ్ములు గోనెసంచి తెచ్చి, ఈసారి ఇంకో ముడి కలిపి, పై అరలో పెట్టారు.

ఒకరోజు అతను ఉత్త చేతులతో దిగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా ఉన్నాడు.

"మూటేది అన్నయ్యా?"

"పైనుంది."

"తాళం వేశావా?"

"వేశాను. మళ్ళీ ఎక్కి చూసొచ్చాను కూడా."

కింది అరలో కిటికీ వైపు చోటు ఖాళీ అయింది. మూటలక్క దాన్ని తుడిచి, సాయంత్రందాకా దాని వైపే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఉద్యోగంలో అరలు నిండితే సంతోషించడం సామాన్ల గదిలో నేర్చుకుంది. ఖాళీ అయితే సంతోషించడం ఈ వయసులో కొత్తగా అబ్బింది. మర్నాడు ఎవరో కుర్రాడు, పేరు చెప్పడానికి కూడా ఇష్టపడనివాడు, పురికొసతో కట్టిన మూట అక్కడ పెట్టి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్ళాడు. ఆమె ఆ ముడిని గుర్తుపెట్టుకుంది.

ఈమధ్య, గొడుగు పిన్ని తన గదికి వెళ్ళి బల్ల ఖాళీ అయ్యాక, పాలిష్ ఆ పొడవాటి చెక్కబల్లకి పాలిష్ పట్టడం మొదలుపెట్టాడు. కొత్త గుడ్డకి సాధన కావాలన్నాడు. చారలు పడుతున్నాయి. కిటికీ వెలుతురులో బల్లంతా పొలం దున్నినట్టు కనిపిస్తుంది. "వచ్చే ఏడు దీన్నంతా గీకేసి మళ్ళీ పడతాను. అప్పటికి ఇది మాట వింటుంది" అంటాడు. వచ్చే ఏడు అన్న మాట అతను అంత మామూలుగా వాడటం మూటలక్కకి ఆ చారలకన్నా నచ్చింది.

మొన్న పక్క ఊరి మునిసిపాలిటీ నుంచి పెద్దమనుషులు కొందరు ఈ పద్ధతి చూడ్డానికి వచ్చారు. పైన గదులు చూశారు, కిందికి దిగారు. వాళ్ళలో ఒకాయన బల్ల మీద మోచెయ్యి ఆనించి, గొంతు తగ్గించి, కిటికీ దగ్గర మందు కోసం నిలబడ్డ పాలిష్‌ని కళ్ళతో చూపించి అడిగాడు.

"గది ఇచ్చారు సరే. మరి ఆయన పూర్తిగా మానేశాడా అమ్మా?"

"కొన్ని రోజులు మానేస్తాడండీ. కొన్ని రోజులు మానడు. రోజూ ఇంటికైతే పోతాడు" అంది మూటలక్క. "చెయ్యి తియ్యండి బాబూ. ఇప్పుడే పట్టాడు, ఇంకా ఆరలేదు."